టోంగాలో పేలితే కోనసీమ గాలి కదిలిందా?

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అన్నీ గోదావరి డెల్టా నుంచే రావడం కాకతాళీయమే కావచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగైంది, మిగిలిన మూడింటికీ అదే పునాది కనుక కుదించలేదు.

ప్రశ్న: 2022లో టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో అలలు లేచి భూగోళాన్ని చుట్టాయనీ, అవి అంతరిక్షపు అంచు దాకా వెళ్లాయనీ చదివాను. చెరువులో అల అంటే పిల్లలకు చూపించగలను. గాలిలో అల అంటే ఏమని చెప్పాలి? అది మన కోనసీమ దాకా వచ్చిందా?
— ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: వచ్చింది. ముందు దాని లెక్క చూద్దాం. హుంగా టోంగా–హుంగా హాపై అనే ఆ అగ్నిపర్వతం దక్షిణ పసిఫిక్ సముద్రంలో నీటి కిందే చాలావరకు మునిగి ఉంటుంది. అది 2022 జనవరి 15న, మనం సంక్రాంతి సంబరాలలో ఉండగా, మన గడియారం ప్రకారం ఉదయం సుమారు 9 గంటల 45 నిమిషాలకు పేలింది. అక్కడి నుంచి అమలాపురానికి భూమి వంపు మీదుగా కొలిస్తే దాదాపు 12,000 కిలోమీటర్ల దూరం. ఆ పేలుడు తోసిన పీడన తరంగం సెకనుకు సుమారు 315 మీటర్ల వేగంతో ప్రయాణించింది కనుక, మీ పిల్లల చేతనే భాగహారం చేయిస్తే పదిన్నర గంటల పైచిలుకు వస్తుంది. అంటే ఆ రాత్రి 8 గంటల 20 నిమిషాల ప్రాంతంలో అది కోనసీమను దాటి పడమటికి సాగిపోయిందన్న మాట. భూమికి అవతలి వైపు నుంచి చుట్టి వచ్చిన రెండో అల 28,000 కిలోమీటర్లు నడిచి మర్నాడు ఉదయం పదిన్నర ప్రాంతంలో మనల్ని చేరి ఉండాలి. ఆ తరంగం అలా ఒక దిక్కున నాలుగు సార్లు, ఎదురు దిక్కున మూడు సార్లు భూమిని చుట్టినట్లు ప్రపంచమంతటా ఉన్న బారోమీటర్లు నమోదు చేశాయి.

మరి మనకెవరికీ తెలియలేదేమంటే, అంత దూరంలో పీడనంలో వచ్చిన మార్పు ఒకటి రెండు హెక్టోపాస్కల్‌లే. మామూలు పీడనం 1,010 హెక్టోపాస్కల్‌ల దగ్గర ఉంటుంది. నేల మీది నుంచి ఎనిమిది మీటర్లు పైకెక్కితే పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది కనుక, మీ ఊళ్లో పొడుగాటి కొబ్బరిచెట్టెక్కి దింపు తీసే మనిషి మొవ్వు దగ్గరికి చేరేసరికి టోంగా పేలుడు తెచ్చినంత మార్పును ఒంటి మీద అనుభవించి, కత్తి దోపుకుని మళ్లీ కిందికి దిగుతాడు. రోజుకు ఎన్ని చెట్లెక్కితే అన్ని టోంగాలు. అసలు ఉష్ణమండలంలో ఏ తుపానూ లేని రోజున కూడా పీడనం ఉదయం పది గంటలకు, రాత్రి పది గంటలకు కాస్త పెరిగి, సాయంత్రం నాలుగుకు, తెల్లవారుజామున నాలుగుకు తగ్గుతుంది. ఆ రోజువారీ ఊపే మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు ఉంటుంది. కాకపోతే అది గంటల మీద నెమ్మదిగా నడిచే మార్పు, టోంగా తరంగం కొద్ది నిమిషాలలో గబుక్కున లేచి పడే మార్పు. కాగితం మీద గీత గీసే పరికరంలో ఆ రెండింటినీ ఇట్టే వేరు చేయవచ్చు.

ఇప్పుడు గాలిలో అల సంగతి. అగ్నిపర్వతం ఒక్కసారిగా పేలినప్పుడు పుట్టే అలలు ఒక రకం కావు. వాటిని కలిపి చెప్పడం వల్లనే చాలా వ్యాసాలు అయోమయంగా తయారవుతాయని నా అభిప్రాయం.

మొదటి రకం ధ్వని. గాలి నొక్కుకుని, సాగి, మళ్లీ నొక్కుకుంటూ పోయే అల ఇది. దీనిలో చెవికి అందనంత నెమ్మదైన కంపనాలే ఎక్కువ. అయినా టోంగా పేలుడు సుమారు 10,000 కిలోమీటర్ల అవతల అలాస్కాలో చెవికే వినిపించింది.

రెండోది, ఇంతసేపూ లెక్క కట్టినది, ల్యాంబ్ తరంగం. ఇంగ్లండుకు చెందిన గణితవేత్త హొరేస్ ల్యాంబ్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీని గణితాన్ని రాశాడు గనుక ఆ పేరు వచ్చింది. కాలువ లాకులు ఒక్కసారిగా ఎత్తినప్పుడు పొంగు రెండు గట్లనూ ఒరుసుకుంటూ కాలువ పొడుగునా సాగిపోవడం మీరు చూసే ఉంటారు. ల్యాంబ్ తరంగం కూడా అలాగే నేలను అంటిపెట్టుకుని, వాయుమండలం మొత్తం మందాన్ని కలుపుకుని, అడ్డంగా పోతుంది. నిలువుగా పైకి చెదిరిపోదు. అంత దూరం ప్రయాణించినా చావకపోవడానికి కారణం అదే. నేల మీద ధ్వని వేగం 340 మీటర్లు దాటుతుండగా ఇది 315 దగ్గరే ఉండడానికి కారణం, పైనున్న చల్లని పొరలలో ధ్వని వేగం తక్కువ కావడం, ఈ తరంగం ఆ పొరలన్నిటి సగటు వేగంతో నడవడం.

ఈ కథకు టోంగా రెండో అధ్యాయం మాత్రమే. మొదటిది 1883 ఆగస్టు 27న, జావా, సుమత్రా దీవుల నడుమ క్రాకటోవా పేలినప్పుడు జరిగింది. దాని మోత 4,800 కిలోమీటర్ల దూరాన హిందూ మహాసముద్రంలోని రోడ్రిగెస్ దీవిలో నాలుగు గంటల తరువాత వినిపిస్తే, అక్కడి పోలీసు అధికారి దూరాన పెద్ద ఫిరంగులు పేలుతున్నాయనుకున్నాడు. వివిధ దేశాల వాతావరణ కేంద్రాలలో బారోగ్రాఫ్ పరికరాలు గీసిన గీతలలో రోజుల తరబడి ఒక చిన్న మెట్టు మళ్లీ మళ్లీ కనిపించింది. లండన్‌లోని రాయల్ సొసైటీ వాటన్నిటినీ తెప్పించి 1888లో పెద్ద నివేదిక వేసింది. ఆ గీతల నుంచే 1929–30లలో ఇంగ్లండు శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ వాయుమండలపు డోలనాల గురించి లెక్కలు తీశాడు. 1937లో పెకెరిస్ అనే శాస్త్రవేత్త, ల్యాంబ్ తరంగం కాక మరికొంచెం నెమ్మదిగా, సెకనుకు 245 మీటర్ల ప్రాంతంలో నడిచే ఇంకో అల కూడా ఉండాలని లెక్క కట్టాడు. దానిని స్పష్టంగా చూడడానికి 85 ఏళ్లు పట్టింది. టోంగా పేలుడు తరువాత ఉపగ్రహ చిత్రాలలో అది బయటపడింది. లెక్కలో ఉన్న అల కంటికి కనిపించడానికి ఒక అగ్నిపర్వతం పేలవలసి వచ్చింది.

మూడో రకం, మీరు అడిగిన అంతరిక్షపు అంచు దాకా వెళ్లే అల, గురుత్వ తరంగం. దీనినీ, కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వాకర్షణ తరంగాన్నీ మన పత్రికలు తరచు కలగాపులగం చేస్తాయి. రెండింటికీ పేరు తప్ప పొత్తు లేదు. గాలి పొరలు పొరలుగా ఉంటుంది. ఒక ముద్ద గాలిని బలవంతంగా పైకి తోస్తే అది వ్యాకోచించి, కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. చుట్టుపక్కల గాలి సాధారణంగా అంతగా చల్లగా ఉండదు. దాంతో పైకి వెళ్లిన ముద్ద పొరుగు గాలి కంటే బరువెక్కి కిందికి దిగుతుంది, దిగిన ఊపులో తన చోటును దాటి ఇంకా కిందికి పోతుంది, అక్కడ వేడెక్కి తేలికై మళ్లీ పైకి లేస్తుంది. ఈ ఊగిసలాటే గురుత్వ తరంగం. మనకు దగ్గరి గాలిలో ఒక ఊపుకు సుమారు పది నిమిషాలు పడుతుంది. దానికి పైనున్న, ఎత్తుకు వెళ్లే కొద్దీ వేడి పెరిగే స్ట్రాటో ఆవరణం అనే పొరలో పైకి లేచిన గాలిని వెనక్కి లాగే బలం ఎక్కువ కనుక అక్కడ ఐదు నిమిషాలు చాలు.

పిల్లలకు చూపించడానికి మంచి ఉదాహరణ మీకు దగ్గరలోనే ఉంది. అంతర్వేది, యానాం వైపు గోదావరి సముద్రంలో కలిసే చోట తేలికైన మంచినీరు పైనా, బరువైన ఉప్పునీరు కిందా పొరలుగా ఉంటాయి. పైన నీరు అద్దంలా నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా ఆ రెండు పొరల సరిహద్దులో నెమ్మదైన పెద్ద అలలు నడవగలవు. ఒక గాజు సీసాలో సగం నీళ్లు, సగం కొబ్బరినూనె పోసి మూత బిగించి అడ్డంగా ఊపితే ఆ అల తరగతి గదిలోనే కనిపిస్తుంది. జనవరి చలిలో మాత్రం ఈ పని చేయకండి, నూనె పేరుకుంటుంది.

ఇక పైకి వెళ్లే కొద్దీ ఈ అలలు ఎందుకు పెరుగుతాయన్నది అసలు విశేషం. గాలి సాంద్రత ప్రతి ఐదారు కిలోమీటర్లకు సగం అవుతూ పోయి, 100 కిలోమీటర్ల ఎత్తున నేల మీది సాంద్రతలో పది లక్షల వంతు కూడా ఉండదు. అల మోసుకుపోయే శక్తి మాత్రం దారిలో ఖర్చు కాకపోతే అలాగే ఉంటుంది. అదే శక్తిని పది లక్షల రెట్లు పలచని గాలి మోయాలంటే దాని ఊపు వేయి రెట్లు పెరగాలి. నేల దగ్గర సెకనుకు ఒక సెంటీమీటరు కదిలిన గాలి అక్కడ పది మీటర్లు కదులుతుంది. ఎడ్లబండి తోలేవారి చెర్నాకోలను తలుచుకోండి. పిడి దగ్గర చెయ్యి కొంచెమే కదులుతుంది, తోలు సన్నబడుతూ పోయి కొస దగ్గర ఛెళ్లుమంటుంది. అల కూడా పెరిగి పెరిగి ఒక ఎత్తున విరుగుతుంది, ఒడ్డు దగ్గర కెరటం విరిగినట్లే. విరిగిన చోట తన ఊపును అక్కడి గాలులకు ఇచ్చేస్తుంది.

టోంగాలో పొగస్తంభం 57 కిలోమీటర్ల ఎత్తుకు, అంటే స్ట్రాటో ఆవరణాన్ని దాటి మీసో ఆవరణంలోకి చేరింది. ఉపగ్రహాలు కొలిచిన అగ్నిపర్వత మేఘాలలో అంత ఎత్తుకు వెళ్లినది అంతకు ముందు లేదు. అంత బరువు ఒక్క ఉదుటున పైకి లేచి, తేలలేక కిందికి దిగి, మళ్లీ లేస్తూ గొడుగులా పరుచుకున్న మేఘమే ఒక పెద్ద రోకలిలా చుట్టూ ఉన్న గాలిని దంచింది. ఆక్వా అనే నాసా ఉపగ్రహంలోని పరికరం స్ట్రాటో ఆవరణపు ఉష్ణోగ్రతలను చిత్రించినప్పుడు, చెరువులో కొబ్బరిబోండాం పడ్డట్లు ఒకదాని చుట్టూ ఒకటిగా డజన్ల కొద్దీ వలయాలు పసిఫిక్ అంతటా పరుచుకుని కనిపించాయి. వాటిలో వేగమైనవి సెకనుకు 240 నుంచి 270 మీటర్ల వరకు నడిచాయి.

ఇవి కంటికి కనిపించే సందర్భం కూడా ఒకటి ఉంది. దాదాపు 87 కిలోమీటర్ల ఎత్తున గాలి రాత్రిపూట తనంతట తానే అతి మసకగా వెలుగుతూ ఉంటుంది. దానిని వాయుదీప్తి అనవచ్చు. అల దాటినప్పుడు ఆ వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. 2015 ఏప్రిల్‌లో చిలీలోని కాల్బుకో అగ్నిపర్వతం పేలినప్పుడు సువోమి ఉపగ్రహం రాత్రి చిత్రాలలో ఆ వెలుగు మీద వలయాలు పట్టుబడ్డాయి.

ప్రశ్న: మాకు వేటబోట్లున్నాయి. జీపీఎస్ చూసే వెళ్తాం. అగ్నిపర్వతం పేలితే జీపీఎస్ తప్పుతుందని ఒకరన్నారు. సముద్రం కూడా గాలి వల్లే పొంగిందట. నిజమేనా?
— ఒక బోటు యజమాని, అంతర్వేది

జవాబు: రెండింటిలోనూ నిజం ఉంది, కానీ బోటు వేటకు వెళ్లడానికి ఇవి అడ్డంకి కావు.

80, 90 కిలోమీటర్ల పైన సూర్యకాంతి వల్ల గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి తిరుగుతుంటాయి. ఆ పొర పేరు ఐనో ఆవరణం. జీపీఎస్ సంకేతం ఆ పొరను దాటే రావాలి, ఎలక్ట్రాన్లు ఎక్కువైతే కొంచెం ఆలస్యంగా వస్తుంది. పైన చెప్పిన అలలు అక్కడికి చేరి గాలిని ఊపినప్పుడు, ఆ గాలి ఎలక్ట్రాన్లను కూడా భూమి అయస్కాంత రేఖల వెంట ముందుకూ వెనక్కూ ఈడుస్తుంది. శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ల సంఖ్యను కొలిచే ప్రమాణంలో ఒక యూనిట్ మారితే మామూలు జీపీఎస్ దూరం 16 సెంటీమీటర్ల మేర మారుతుంది. టోంగా చుట్టుపక్కల ఆ మార్పు పది యూనిట్లకు మించింది, దూరాన చాలా తక్కువ. సెంటీమీటర్ల లెక్కన కొలిచే సర్వే పనులకు అది ఇబ్బందే. చేపల గుంపు వెతుక్కునే బోటుకు ఒకటి రెండు మీటర్లు లెక్కలోకి రావు. నిజానికి శాస్త్రవేత్తలు దీనిని తిరగేసి వాడుకుంటున్నారు. ప్రపంచమంతా నేల మీద పాతిన వేల జీపీఎస్ కేంద్రాలలో వచ్చే ఆ చిన్న తప్పునే కొలిచి, పైన అల ఎటు పోతున్నదో పటం గీస్తున్నారు.

ఆ పటాలలో ఒక వింత కనిపించింది. ల్యాంబ్ తరంగం ఇంకా జపాన్ చేరకముందే జపాన్ మీది ఐనో ఆవరణంలో అలలు మొదలయ్యాయి. అవి అప్పుడు ఆస్ట్రేలియా మీద నడుస్తున్న అలలకు అద్దంలో ప్రతిబింబాల్లా ఉన్నాయి. దక్షిణాన గాలి ఎలక్ట్రాన్లను ఊపినప్పుడు పుట్టిన విద్యుత్ క్షేత్రం అయస్కాంత రేఖల వెంట రెప్పపాటులో ఉత్తరపు కొసకు చేరడమే దీనికి కారణం. మన దక్షిణ కొసన, తుంబా, తిరునల్వేలి ప్రాంతాల మీదుగా అయస్కాంత భూమధ్యరేఖ వెళుతుంది. తుంబాలో 1963లో మన నేల మీది నుంచి మొదటి రాకెట్ ఎగరడానికి కారణం కూడా ఆ రేఖే. ఆ రేఖ వెంట పైన పగటిపూట తూర్పు దిక్కుగా ఒక విద్యుత్ ప్రవాహం నడుస్తూ ఉంటుంది. పేలుడు తరువాత నాసా ఐకాన్ ఉపగ్రహం అంతరిక్షపు అంచున గంటకు 720 కిలోమీటర్ల దాకా గాలులను కొలిచింది. ఆ విద్యుత్ ప్రవాహం కొంతసేపు దిక్కు మార్చి పడమరకు నడిచింది.

సముద్రం మాట. నాలుగు కిలోమీటర్ల లోతు నీటిలో సునామీ సెకనుకు సుమారు 200 మీటర్ల వేగంతో పోతుంది. ల్యాంబ్ తరంగం అంతకంటే వేగం. దారిలో నీటిని నొక్కుతూ, లాగుతూ పోయిన ఆ తరంగం తనతోపాటు ఒక చిన్న పొంగును తీసుకుపోయింది. అందుకే జపాన్ తీరంలో నీరు అంచనా కట్టిన వేళ కంటే రెండు గంటలకు పైగా ముందే పెరిగింది. కొన్ని చోట్ల మీటరు దాటింది. నడుమ ఖండాలు అడ్డున్న కరీబియన్, మధ్యధరా సముద్రాలలో కూడా నీటిమట్టం కదలడానికి కారణం ఈ గాలి అలే, సునామీ అక్కడికి నేరుగా పోలేదు.

ప్రశ్న: మా దగ్గర పంగిడి, కాతేరు క్వారీలలో తీసే నల్లరాయి అగ్నిపర్వతపు రాయే అంటారు. అది పుట్టినప్పుడు కూడా ఆకాశంలో ఇలాంటి వలయాలు లేచి ఉంటాయా?
— ఒక పాఠకుడు, కొవ్వూరు

జవాబు: రాయి సంగతి నిజమే. దక్కన్ లావా ప్రవాహాలకు చెందిన ఆ బసాల్టు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. రెండు లావా పొరల నడుమ చిక్కుకున్న సున్నపురాయి పొరలో నదీముఖాలలో బతికే జీవుల శిలాజాలు దొరికాయి. అంటే అప్పుడు కూడా మీ ప్రాంతం సముద్రపు అంచే. ఆ లావా పడమటి కనుమల వైపు నుంచి పాత నదీలోయల వెంట దాదాపు వేయి కిలోమీటర్లు పారి వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

అయితే పైవాతావరణంలో అలలు లేపేది లావా పరిమాణం కాదు, తోపులోని హఠాత్తు. బస్తాడు ధాన్యాన్ని చెరువులోకి దోసెడు దోసెడుగా పోస్తే ఏముంటుంది? అదే బస్తాను గట్టు మీద నుంచి ఒక్కసారిగా పడేస్తే వేరు. నేల పగుళ్ల నుంచి పొర్లి పారిన బసాల్టు మొదటి కోవది. నీరు, వాయువులు బిగబట్టుకుని ఒక్కసారిగా పేలిన టోంగా రెండోది. నడుమ కోవ కూడా ఒకటుంది. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటూబో గంటల తరబడి ఎగజిమ్మినప్పుడు, దూరదేశాల భూకంప మాపకాలలో 230, 270 సెకన్ల ఊపులు రెండు మాత్రమే స్పష్టంగా నమోదయ్యాయి. నేలకూ, పైనున్న వేడి పొరకూ నడుమ గాలి ఒక పెద్ద సన్నాయి గొట్టంలా తనకు సహజమైన రెండు స్వరాలను పలికి, ఆ ఊపుతో నేలనే ఊపిందన్న మాట. ఒక్క దెబ్బతో కాక, ఆగకుండా ఊదితేనే ఆ స్వరాలు అలా నిలిచి పలుకుతాయి.

అగ్నిపర్వతమే అక్కరలేదు కూడా. ఏప్రిల్, మే నెలల్లో మీ ఊరి మీద సాయంత్రం లేచే ఉరుముల మేఘం కూడా స్ట్రాటో ఆవరణపు అడుగును కింది నుంచి పొడిచి గురుత్వ తరంగాలను లేపుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల పెద్ద రాడార్‌తో గమనించే వాటిలో ఈ తరంగాలు ముఖ్యమైనవి.

ప్రశ్న: ఇంట్లో సీసాతో బారోమీటర్ చేసి ఇలాంటి అలను పట్టుకోవచ్చా?
— ఇంటర్ విద్యార్థి, కాకినాడ

జవాబు: పట్టుకోవచ్చు, కానీ నీ శత్రువు వేడి. మూత బిగించిన సీసాలోంచి సన్నని పారదర్శక గొట్టాన్ని తీసి, యు ఆకారంలో వంచి, అందులో రంగునీరు పోస్తే, బయటి పీడనం ఒక హెక్టోపాస్కల్ మారినప్పుడు రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా ఒక సెంటీమీటరు మారుతుంది. లోపలి గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినా అదే నీరు మూడు సెంటీమీటర్లకు పైగా కదులుతుంది. టోంగా అల దానిలో మునిగిపోతుంది. అందుకని సీసాను పెద్ద కుండలో పెట్టి, చుట్టూ ఊక కూరి, గదిలో ఎండ తగలని మూలన ఉంచు. పుస్తకంలో ఐదు నిమిషాలకొకసారి మట్టం రాయి. మొదటి రోజే ఉదయం పదికీ, సాయంత్రం నాలుగుకూ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా కనిపిస్తే నీ పరికరం బాగా పనిచేస్తున్నట్లే. ఆ తేడా మరీ ఎక్కువగా ఉంటే ఇంకొంచెం ఊక వెయ్యి.